పక్కన వెంచర్ వేసి మురుగు బోదె పూడ్చేశారు, నీళ్లన్నీ మా చేలోకే, ఏం చేయాలండీ?

అందరికీ నమస్కారం అండి, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, ఎకరంన్నర నల్లరేగడి, మిర్చి వేస్తాం. పోయినేడు ఎగువన వెంచర్ వేసి మట్టి తోలి నాలుగడుగులు ఎత్తు లేపారు, మధ్యలో ఉన్న మురుగు బోదె పూడ్చి దాని మీదే రోడ్డు వేసేశారు, ఇప్పుడు గట్టి వాన పడితే నీళ్లన్నీ మాకే, మొన్న మూడ్రోజులు నిలబడిపోయి మొక్క పట్టుకుని లాగితే వేరు కుళ్లి చేతికొచ్చేసింది, అమ్మ గట్టు మీదే కూర్చుని ఏడ్చేసింది.

సర్వే ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతల పటంలో, బోదె గీత స్పష్టంగా ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వమంటారా, లేక 1882 ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ల భూమి మీదుగా దారి, నీళ్లు పోయే హక్కుల గురించిన చట్టం) పట్టుకుని సివిల్ కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడగాలా? మా గట్టు ఎత్తు పెంచుకుందామంటే నీళ్లు పక్క చేలో బాబాయి మీదకి పోతాయి, ఆ పని చెయ్యలేను. ఇలాంటిది ఎవరైనా దాటినవాళ్లుంటే ముందు ఏ ఆఫీసుకెళ్లారో చెప్పండి ప్లీజ్, మళ్లీ నారు పోసే టైమ్ దగ్గరపడింది.