బాయ్‌కాట్ అంటే వెలి వేయడమేనా? పిల్లలకు ఏం చెప్పాలి?

నల్లరేగడి:
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతున్నాను. మాది పెదనందిపాడు దగ్గర పల్లె. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెంట మా రైతులు శిస్తు కట్టం అన్నారు కదా, ఆ కథకు ముందు బాయ్‌కాట్ అనే మాట పుట్టిన ఊరి గురించి చెప్పాను.

ఐర్లండ్‌లో మేయో కౌంటీ, ది నీల్ అనే చిన్న ఊరు. 1880లో అక్కడ లార్డ్ ఎర్న్ భూములకు ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. రైతులు కౌలు పావు వంతు తగ్గించమంటే దొర పదో వంతే తగ్గిస్తానన్నాడు. కట్టనివాళ్లను ఖాళీ చేయించడానికి బాయ్‌కాట్ నోటీసులు పంపాడు. దాంతో ఊరంతా అతనికి పనిచేయడం మానేసింది. ఇక పొలంలో కూలీలు లేరు, ఇంట్లో పనివాళ్లు లేరు, బట్టలు ఉతికే మనిషి లేదు, కొట్లో సరుకు లేదు. ఊరి ఫాదర్ జాన్ ఓమాలీ దానికి అతని పేరే పెట్టాడంటారు.

అంతా విని ఒక పాప అడిగింది: "అంటే వెలి వేశారా ఆంటీ? అది తప్పని పోయినవారం మీరే చెప్పారుగా?" పోయినవారం అంటరానితనం గురించి చెప్పాను మరి. నాకు జవాబు తోచలేదు. అప్పటి నుంచి అదే టెన్షన్.

గట్టుమీదిచెట్టు:
ఎవరు ఎవరిని అన్నదే తేడా అమ్మా. మన ఊళ్లలో వెలి అంటే భూమీ బావీ చేతిలో ఉన్నవాళ్లు ఏమీ లేనివాళ్ల మీద వేసేది. అక్కడ కొంప ఖాళీ చేయించే అధికారం బాయ్‌కాట్‌ది. రైతులకున్నది రెక్కల కష్టం ఒక్కటే, అది మానుకున్నారు. కోతల సంగతీ చెప్పండి. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి 50 మందిని తెచ్చి, వందలమంది సైనికుల కాపలాలో దుంపలు తవ్వించారు. 500 పౌండ్ల పంటకు దాదాపు 10,000 పౌండ్ల ఖర్చు! డిసెంబరు 1న అతను వెళ్లిపోయాడు.

కృష్ణాతీరం:
నిజమేనండీ, కానీ అందరూ ఇష్టపడే మానలేదు. కమ్మరిని చంపుతామని బెదిరించారని, తన టపా సంచి మోసే పన్నెండేళ్ల కుర్రాణ్ణి కొట్టారని బాయ్‌కాటే పత్రికకు రాశాడు. అది దాచి చెబితే కథ సగమే.

నల్లరేగడి:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మా క్లాసులోనూ పన్నెండేళ్లవాడు ఒకడున్నాడు. ఈ ఆదివారం ఆ కుర్రాడితోనే మొదలుపెడతాను. "ఆ సంచి నువ్వే మోస్తుంటే ఏం చేసేవాడివి?" అని ముందు వాణ్ణే అడుగుతాను.