సర్వర్ ఇంజినీర్ ఉద్యోగం ఎలా ఉంటుంది? ఎల్1 ఆఫర్ వచ్చింది, చేరమంటారా?

సుబేదారి_పోరడు:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. హన్మకొండలో బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోవచ్చింది, సుబేదారిలో రూములో ఉంటున్నాను. సీనియర్ ఒకాయన రిఫర్ చేస్తే హైదరాబాద్‌లో సర్వర్ సపోర్ట్ ఇంజినీర్, ఎల్1 (సపోర్ట్‌లో మొదటి అంచె) అని ఆఫర్ వచ్చింది. ఏడాదికి 2.8 లక్షలు, రొటేషనల్ షిఫ్టులు, క్లయింట్ అమెరికా వాళ్లు. మా బ్యాచ్‌లో చాలామంది ఫుల్‌స్టాక్ కోర్సు కోసం అమీర్‌పేట పోతున్నారు. నాకు కోడింగ్ రాదని కాదు, కానీ కాలేజీ ల్యాబులో లినక్స్ సిస్టమ్ బూట్ కాకపోతే దాన్ని లేపడం మీద ఉన్న ఇష్టం ప్రోగ్రాములు రాయడం మీద లేదు. "సర్వర్ అంటే ఏం పని బిడ్డా, అందులో ఎదుగుదల ఉంటదా" అని మా బాపు అడుగుతున్నాడు, ఏం చెప్పాలో తెలియలేదు. రోజంతా ఏం చేస్తారు? నైట్ షిఫ్టులు ఎన్నేళ్లు తప్పవు? క్లౌడ్ వచ్చాక కూడా ఈ ఉద్యోగాలు ఉంటాయా? ఈ పనిలో ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కాజీపేట_రూట్:

తమ్మీ, నేను సెంటాస్ 5 (లినక్స్‌లో ఒక పాత రకం) కాలం నుంచి లినక్స్ సర్వర్ల మీదే ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎల్3. నీ ప్రశ్నలో ఒక్క మాట నాకు నచ్చింది, పాడైన సిస్టమ్‌ను లేపడం ఇష్టమన్నావు చూడు, ఈ పనికి ముందు కావలసింది అదే.

బాపుకు ఇట్లా చెప్పు. మన ఊళ్లలో చెరువు తూము చూసుకునే నీరటికాడు ఉండేవాడు కదా, నీళ్లు సక్రమంగా పారినన్నాళ్లు ఆయన్ని ఎవరూ తలుచుకోరు, ఏ రాత్రి కట్ట దగ్గర చెమ్మ కనిపించినా ముందు ఆయనకే తెలియాలి. బ్యాంకు యాప్, ఆసుపత్రి బిల్లింగ్, బస్సు టికెట్ అన్నిటి వెనక మెషీన్లు నడుస్తుంటాయి. అవి ఆగకుండా చూడటం, ఆగితే లేపడం, మళ్లీ అదే కారణంతో ఆగకుండా చేయడం మన పని. కాంట్రాక్టులో 99.9 శాతం నడవాలి అని రాసుకుంటే ఏడాది మొత్తంలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు మాత్రమే ఆగొచ్చు. 99.99 అంటే 52 నిమిషాలే. టెన్షన్ అంతా ఆ నిమిషాల దగ్గరే.

ఎల్1లో మానిటరింగ్ స్క్రీన్ చూస్తావు, అలర్ట్ వస్తే ఎస్‌ఓపీలో (ఏం చేయాలో వరుసగా రాసిన కాగితం) రాసినట్టు చేస్తావు, కాకపోతే ఎల్2కి పంపుతావు. పాస్‌వర్డ్ రీసెట్లు, సర్వీస్ రీస్టార్టులు, రాత్రి బ్యాకప్ అయిందా లేదా చూడటం. విసుగొస్తుంది, దాచడం ఎందుకు. కానీ నేర్చుకునే అవకాశం కూడా అక్కడే ఉంది. ఒకటి చెప్తా. డిస్క్ 100 శాతం నిండిందని అలర్ట్ వస్తుంది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే నిండినట్టే చూపిస్తుంది, ఫోల్డర్ల సైజు చెప్పే డీయూ కొట్టి ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా లేదు. పాత లాగ్ ఫైళ్లు (సర్వర్ రాసుకునే రికార్డులు) తీసేయమని ఎస్‌ఓపీలో ఉంటుంది, ముందు షిఫ్టు వాళ్లు అప్పటికే తీసేశారు, అయినా చోటు రాలేదు. ఎందుకంటే లినక్స్‌లో ఒక ఫైలును ఏదైనా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) తెరిచి పట్టుకుని ఉంటే, మనం డిలీట్ చేసినప్పుడు పేరు మాత్రమే పోతుంది, ఆ ప్రాసెస్ వదిలేదాకా డిస్క్ మీద చోటు ఖాళీ కాదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ కొట్టి డిలీటెడ్ అని వెతికితే ఏ ప్రాసెస్ పట్టుకుందో దొరుకుతుంది, ఆ ఒక్క సర్వీసును రీస్టార్ట్ చేస్తే చాలు. ఇంకోసారి డిస్క్‌లో చోటు బోలెడంత ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. అప్పుడు డీఎఫ్ ఐ కొట్టి ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే ఎంట్రీలు) చూడాలి, చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే అవి అయిపోతాయి. అప్లికేషన్‌కు వచ్చే ఎర్రర్ మాత్రం రెండు చోట్లా ఒకటే, చోటు లేదని. మొత్తం సర్వర్ రీబూట్ కొట్టి టికెట్ (మనకొచ్చిన ఫిర్యాదు నమోదు) మూసేస్తే మొదటి కేసులో ఆ రాత్రికి గడుస్తుంది, వచ్చే వారం మళ్లీ అదే అలర్ట్. కారణం వెతికి నోట్సులో రాసిపెట్టుకున్న పిల్లలే మా టీములో త్వరగా ఎల్2కి వచ్చారు.

ఎదుగుదల ఉంది, కానీ దానంతట అది రాదు. రెండేళ్లు దాటి ఎల్1 కుర్చీలో ఉండకు. ఆ తర్వాత ఇంటర్వ్యూలో టికెట్ల గురించి తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు.

నైట్‌షిఫ్ట్_నర్సంపేట:

షిఫ్టుల సంగతి నేను చెప్తా తమ్ముడూ, నాది విండోస్, వీఎంవేర్ (ఒకే మెషీన్‌లో చాలా సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వైపు.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచులు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వదులుతుంది. కాబట్టి ఆ తర్వాతి వీకెండ్లలో రాత్రులు మనవే. క్లయింట్ అమెరికాలో రిటైల్ కంపెనీ అయితే నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా మార్పులు చేయనివ్వరు, దాన్ని ఫ్రీజ్ అంటారు. అందుకని పెద్ద పనులన్నీ దానికి ముందే, అంటే సరిగ్గా బతుకమ్మ, దసరా రోజుల్లోకి తోస్తారు. సద్దుల బతుకమ్మకు ఇంట్లో ఉండాలంటే రోస్టర్ రాయకముందే అడగాలి, రాశాక అడిగితే ఎవరో ఒకరు తమ పండుగ వదులుకోవాల్సి వస్తుంది. మా టీములో క్రిస్మస్ వాళ్లూ, దసరా వాళ్లూ, రంజాన్ వాళ్లూ ముందే కూర్చుని పంచుకుంటాం. అట్లా లేని టీములో మనశ్శాంతి ఉండదు.

నైట్స్ ఎన్నేళ్లు అంటే, ఎల్2 దాకా రొటేషన్ తప్పదనుకో. ఆ తర్వాత ఆన్‌కాల్ ఉంటుంది, నిద్రలో ఫోన్ మోగితే లేచి లాగిన్ కావాలి. ఆరోగ్యం జాగ్రత్త. పగటి నిద్ర కోసం చీకటి చేసుకునే గది చూసుకో, అద్దె కొంచెం ఎక్కువైనా సరే. ఇంకొకటి మనసారా చెప్తున్నా, నైట్ దిగిన పొద్దున బండి మీద ఊరికి బయల్దేరకు. ఉప్పల్ నుంచి బస్సుంది, సికింద్రాబాద్ నుంచి రైలుంది, కూర్చుని నిద్రపోతూ రా.

ఇక ఈ పని విలువ తెలియాలంటే 2024 జూలై 19 గుర్తు చేసుకో. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్లి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర చూపించాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మెషీన్లే లేవడం లేదు కాబట్టి చాలా చోట్ల దూరం నుంచి చేయగలిగిందేమీ లేదు, ఒక్కొక్కదాన్నీ సేఫ్ మోడ్‌లో లేపి ఆ తప్పు అప్‌డేట్ ఫైలు తీసేయాలి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు రికవరీ కీ వెతకాలి. ప్రపంచమంతా ఆ పనంతా చేసింది మనలాంటి సపోర్ట్ వాళ్లే.

జమ్మికుంట_వాసి:

ఇక్కడే ఉండి చేసే దారి కూడా ఉంది, అది కూడా తెలుసుకో. నేను కరీంనగర్ వైపు ఒక కాలేజీలో సిస్టమ్ అడ్మిన్. జీతం హైదరాబాద్ అంత రాదు. సర్వర్లతో పాటు ప్రింటర్లు, బయోమెట్రిక్, సీసీ కెమెరాలు, పరీక్షల ఆన్‌లైన్ పని అన్నీ నా మీదే. కానీ రాత్రి ఇంట్లో అన్నం తింటాను.

మన వైపు పెద్ద శత్రువు ఎండాకాలం. సర్వర్లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదంటారు, మేలో బయట 44, 45 ఉంటుంది. ఏసీ ఆగిందంటే చిన్న గది చాలా త్వరగా వేడెక్కుతుంది. అందుకని రెండు ఏసీలు మార్చి మార్చి నడిపిస్తాను. టెంపరేచర్ పెరిగితే ముందు ఏ మెషీన్లు ఆపాలో వరుస రాసి తలుపు మీద అంటించాను. యూపీఎస్ బ్యాటరీలు అరగంట ఇస్తాయని కాగితం మీద ఉంటుంది, ఏడాదికోసారి లోడు పెట్టి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు.

ఇంకా రెయిడ్ (డేటాను ఒకేసారి చాలా డిస్కుల మీద ఉంచే పద్ధతి) ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనే మేనేజ్‌మెంట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. డిస్క్ పోతే రెయిడ్ కాపాడుతుంది నిజమే, కానీ ఎవరైనా టేబుల్ డిలీట్ చేస్తే, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే, అది అన్ని డిస్కుల మీదా అదే క్షణంలో జరుగుతుంది. బ్యాకప్ వేరే చోట ఉండాలి, అది తిరిగి ఎక్కుతుందో లేదో ఎక్కించి చూడాలి. దీని గురించి ఎంతసేపైనా కొట్లాడతాను నేను.

మడికొండలో 2020లో పెద్ద కంపెనీల క్యాంపస్‌లు మొదలయ్యాయి, అదే ఏడాది కరీంనగర్ ఐటీ టవర్ వచ్చింది. అయినా నేను చూసినంతవరకు సర్వర్ పోస్టులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే పడుతున్నాయి. ముందు అక్కడ నేర్చుకుని తర్వాత ఇటు రావడమే మంచిది.

సుబేదారి_పోరడు:

అందరికీ థ్యాంక్స్, నర్సంపేట అక్క చెప్పిన బస్సు మాట మా అమ్మకు కూడా చదివి వినిపించాను. రెండు డౌట్లు. కంపెనీ వాళ్లు రెండేళ్ల బాండ్ అంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటున్నారు. ఇంకో కన్సల్టెన్సీ ఆయనేమో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఇంతకంటే పెద్ద ప్యాకేజీ ఇప్పిస్తానంటున్నాడు. క్లౌడ్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కాజీపేట_రూట్:

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు. వెరిఫికేషన్‌కు చూపించు, జిరాక్సులు ఇవ్వు, అదే రోజు వెనక్కి తెచ్చుకో. బాండ్ కాగితంలో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఏ ట్రైనింగుకు ఆ డబ్బో చదివి సంతకం పెట్టు.

ఆ కన్సల్టెన్సీ వైపు అసలు పోకు. ఇప్పుడు వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) హిస్టరీ అడుగుతారు, లేని కంపెనీ అక్కడ కనిపించదు. దొరికితే ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ తర్వాతి కంపెనీ దాకా వస్తుంది. అది దాటినా సరే, మూడేళ్ల అనుభవం ఉందని ప్రొడక్షన్ సర్వర్ (నిజంగా వాడకంలో ఉన్నది) రూట్ పాస్‌వర్డ్, అంటే పూర్తి అధికారం, నీ చేతికిస్తారు, అర్ధరాత్రి డేటాబేస్ ఆగితే వెనక ఎవరూ ఉండరు. అటువైపు ఆసుపత్రి ఉండొచ్చు, ఆలోచించు.

క్లౌడ్ సంగతి. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) తెరిచింది. అక్కడ నువ్వు అద్దెకు తీసుకునే మెషీన్ మీద కూడా నడిచేది ఎక్కువగా లినక్సే, నేను పైన చెప్పిన డిస్క్ గొడవ అక్కడా అట్లాగే వస్తుంది. తగ్గింది ర్యాకులో డిస్కులు మార్చే పని, పెరిగింది వందల సర్వర్లను ఒకేలా ఉంచే పని. దానికి ఆన్సిబుల్, టెర్రాఫామ్ లాంటి ఆటోమేషన్ టూల్స్, కొంచెం పైథాన్ కావాలి, కాబట్టి కోడింగ్‌ను పూర్తిగా వదిలేయకు. పాతవి మార్చే పని కూడా చాలా ఉంది. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక లైసెన్సు పద్ధతి మారి, చాలామంది ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ లాంటి అదే పని చేసే వేరే సాఫ్ట్‌వేర్ల వైపు చూస్తున్నారు. ఈ మార్పులన్నీ ఎవరో ఒకరు రాత్రి కూర్చుని చేయాల్సినవే.

చేరేలోపు పెద్ద కోర్సు డబ్బులు పెట్టకు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంటే, దాని లోపలే వేరే మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ వేసి రాకీ లినక్స్ రెండు మెషీన్లు పెట్టు, రెండూ ఉచితమే. ఒకదాంట్లో వెబ్ సర్వర్, ఒకదాంట్లో డేటాబేస్ పెట్టి కావాలని పాడుచెయ్, లేపు. నెట్‌వర్కింగ్ వదలకు, సబ్‌నెట్, డీఎన్‌ఎస్, రౌటింగ్ రాకపోతే ఎల్2 ఇంటర్వ్యూ దాటడం కష్టం. తర్వాత ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష) రాయి, అందులో బిట్లు ఉండవు, మెషీన్ ఇచ్చి చేసి చూపించమంటారు. 300కి 210 రావాలి.

సుబేదారి_పోరడు:

హెచ్‌ఆర్‌తో మాట్లాడాను అన్నా. ఒరిజినల్స్ చూపించి తీసుకెళ్లొచ్చు అన్నారు, మెయిల్‌లో కూడా రాసి పంపారు. వచ్చే నెల చేరుతున్నాను. రాకీ రెండు మెషీన్లలో వేశాను, రెండిట్లో ఇంటర్నెట్ వస్తోంది, కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి పింగ్ పోవట్లేదు.

కాజీపేట_రూట్:

రెండిట్లో ఐపీ చూడు, రెండూ 10.0.2.15 అని ఉండాలి. వర్చువల్‌బాక్స్ మామూలుగా నాట్ అనే నెట్‌వర్క్ పద్ధతిలో పెడుతుంది, అందులో ఏ మెషీన్‌కు ఆ మెషీన్ వేరే, ఒకదానికొకటి కనిపించవు. రెండిట్లో రెండో అడాప్టర్ ఆన్ చేసి హోస్ట్-ఓన్లీ పెట్టు, మొదటిది కదపకు. అప్పటికీ పోకపోతే ఐపీ అడ్రస్, ఐపీ రూట్ రెండు కమాండ్ల అవుట్‌పుట్ ఇక్కడే పెట్టు, చూద్దాం.