గిన్నె అడుగు నున్నగా తీయడానికి ఇంట్లో చేసుకోగల చక్ (లేత్ మీద చెక్కను పట్టి ఉంచే బిగింపు) ఏదైనా ఉందా?

చెక్కపొట్టు:
నమస్తే అండీ. వేప చెక్కను లేత్ మీద తిప్పి 8 అంగుళాల గిన్నె చేశాను, లోపలా బయటా సాండింగ్ కూడా అయిపోయింది. అడుగున చక్ పట్టుకున్న టెనన్, అంటే గుండ్రటి బొడిపె మాత్రం అలాగే ఉంది, అది తీయాలంటే గిన్నెను బోర్లించి పట్టాలి కదా. గిన్నెను మూతి దగ్గర పట్టుకునే కోల్ జాస్ (చక్ దవడలు) ఖరీదెక్కువ. ఫేస్‌ప్లేట్ (లేత్‌కి బిగించే లోహపు పళ్ళెం), ప్లైవుడ్ ముక్కలు ఉన్నాయి. గిన్నె ఎగిరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఉలిపిడి:
జామ్ చక్ చేసుకోండి, అంటే గిన్నె మూతి బిగుతుగా ఇరుక్కునే గాడి ఉన్న బిళ్ళ. గిన్నె మూతికన్నా కాస్త పెద్ద ప్లైవుడ్ బిళ్ళను ఫేస్‌ప్లేట్‌కి స్క్రూలతో బిగించి, లేత్ మీదే గుండ్రం చేసి, మూతి దిగేంత గాడి తీయండి, లోతు 5, 6 మిల్లీమీటర్లు చాలు. గాడి బయటి గోడ లోపలికి పోయేకొద్దీ వెంట్రుకవాసి ఇరుకవ్వాలి, అంతకు మించి వాలు ఇస్తే పట్టినట్టే పట్టి జారిపోతుంది. కొంచెం తీయడం, గిన్నె పెట్టి చూడడం, మళ్ళీ తీయడం, ఇక్కడ తొందర పనికిరాదు. వదులైతే మధ్యలో టిష్యూ పేపర్ పెట్టండి. టెయిల్‌స్టాక్‌ని (లేత్ అవతలి కొసన మొనతో ఆనించే భాగం) మాత్రం చివరిదాకా ఆనించే ఉంచండి, గిన్నె ఎగరకుండా కాపాడేది అదే. మిగిలే చిన్న బొడిపెను లేత్ ఆపేసి ఉలితో కోసేయొచ్చు.

తుమ్మమొద్దు:
వేప పూర్తిగా ఎండిందా? పచ్చి చెక్క అయితే ఎండేకొద్దీ మూతి కోలగా మారుతుంది, గుండ్రటి గాడిలో అది కూర్చోదు. అలాంటప్పుడు డోనట్ చక్ మంచిది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ళలు రెండు, ఒకటి ఫేస్‌ప్లేట్‌కి, రెండోదానికి మధ్యలో గిన్నె అడుగు బయటికి వచ్చేంత రంధ్రం. గిన్నెను రెంటి మధ్యా పెట్టి చుట్టూ పొడవాటి బోల్టులతో బిగించాలి. రంధ్రం అంచుకి పాత సైకిల్ ట్యూబు అంటిస్తే గీతలు పడవు. ఇది తనంతట తాను సెంటర్ కాదు కాబట్టి, ముందు టెయిల్‌స్టాక్ మొనను టెనన్ మీది సెంటర్ గుర్తుకు ఆనించి, తర్వాత ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించండి. తిరిగే బోల్టు చివరలు కంటికి కనిపించవు, చేతికి తగిలితే ఎముక విరుగుతుంది. వేగం 500 ఆర్‌పీఎం దాటనివ్వకండి.

చెక్కపొట్టు:
చాలా థాంక్స్ అండీ. చెక్క బాగా ఎండినదే, జామ్ చక్‌తో మొదలుపెడతాను. గాడిలో మరీ గట్టిగా ఇరుక్కుంటే ఎలా తీయాలి?

ఉలిపిడి:
ముందే బిళ్ళ మధ్యలో ఒక రంధ్రం వేసి ఉంచండి. స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు) నుంచి ఫేస్‌ప్లేట్‌తో సహా విప్పేసి, ఆ రంధ్రంలోంచి గుండ్రటి కర్రతో లోపలి అడుగును మెల్లగా తడితే వచ్చేస్తుంది. కర్ర కొసకు గుడ్డ చుట్టడం మర్చిపోకండి, లోపల ఫినిష్ పాడవుతుంది.

లక్కపిడత:
చిన్న గిన్నెలకైతే జామ్ చక్ బిళ్ళను అంకుడు కర్ర దొరికితే దానితో చేసి చూడండి అన్నా. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది దానితోనే. మెత్తన, సన్నని పోగు, ప్లైవుడ్‌లా గాడి అంచులు పెచ్చులు లేవవు.