1,4-డయాక్సేన్: షాంపూ, డిటర్జెంట్ రెండింటినీ కలిపి లెక్కగట్టేవాళ్లు ఎవరు?

రసాయనాల నియంత్రణ గురించి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1,4-డయాక్సేన్ మీద 2020 చివర్లో ఒక మదింపు నివేదిక ఇచ్చింది. తర్వాత దానికి అనుబంధం చేర్చి, ఈ రసాయనంతో ఆరోగ్యానికి మితిమీరిన ముప్పు ఉందని 2024 నవంబర్‌లో తేల్చింది. అంతవరకు బాగానే ఉంది.

ఈ రసాయనాన్ని షాంపూలు, డిటర్జెంట్లలో ఎవరూ కావాలని కలపరు. నురగనిచ్చే పదార్థాలను ఇథిలీన్ ఆక్సైడ్‌తో తయారుచేసేటప్పుడు తనంతట తానే పుట్టి కొద్దిగా మిగిలిపోతుంది. అందుకే లేబుల్ మీద ఎంత వెతికినా దీని పేరు కనబడదు. సోడియం లారెత్ సల్ఫేట్ లాంటిది రాసి ఉంటే, ఇదీ ఉందేమో అని మనమే ఊహించుకోవాలి (అదేం లేబులో మరి!).

బట్టల డిటర్జెంట్, గిన్నెలు తోమే లిక్విడ్ ఈపీఏ పరిధిలోకి వస్తాయి. షాంపూ సౌందర్య సాధనం కాబట్టి ఈపీఏకు రసాయనాల మీద అధికారమిచ్చే 1976 నాటి టోస్కా చట్టం దాన్ని పక్కనపెట్టింది, అది ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చూసుకోవాలి. మరి ఒకే మనిషి రోజూ రెండూ వాడితే ఆ మొత్తం మోతాదును ఎవరైనా కలిపి చూస్తారా, లేక ఎవరి ఫైలు వాళ్లదేనా?

ఇంకోటి. న్యూయార్క్ రాష్ట్రం ఇంటి క్లీనర్లకు, షాంపూ లాంటి ఒళ్లు శుభ్రం చేసుకునేవాటికి 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు), మిగతా సౌందర్య సాధనాలకు 10 పీపీఎం పరిమితి పెట్టింది. ఈ తేడా ఆరోగ్య లెక్కల నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీలో ఎంతవరకు తీసేయగలరన్న దాన్నిబట్టా? ఈపీఏ నివేదికలో ఏ భాగం చదవాలో చెప్పినా చాలు.