కొండమేకల వేట పర్మిట్ల సంఖ్యను ఎలా నిర్ణయిస్తారు? తెలిసినవారు వివరించగలరు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కొండమేకల సంరక్షణ గురించి చదువుతున్నాను. ఒలింపిక్ నేషనల్ పార్కు ప్రాంతానికి అవి స్థానికమైనవి కావు. 1920లలో వేట కోసం తెచ్చి వదిలారు. అక్కడి అరుదైన మొక్కలకు హాని కలుగుతోందనీ, ఉప్పు కోసం మనుషులకు మరీ దగ్గరగా వస్తున్నాయనీ, 2018 నుంచి 2020 వరకు మూడు వందలకు పైగా మేకలను పట్టి, హెలికాప్టర్ల సాయంతో వాటి సహజ ఆవాసమైన కాస్కేడ్ పర్వతాలకు తరలించారు. ఆ కాస్కేడ్స్‌లో మందలు క్షీణించడానికి గత శతాబ్దంలో మితిమీరిన వేటే ముఖ్య కారణమని చదివి చాలా బాధ కలిగింది.

నా సందేహం ఇది. ఆడమేక మొదటిసారి ఈనేసరికి సాధారణంగా నాలుగైదేళ్లు పడుతుంది, ఈతకు ఎక్కువగా ఒక్క పిల్లే పుడుతుంది. కాబట్టి చిన్న మందలో రెండు మూడు ఆడమేకలు పోయినా ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది. పైగా ఆడ, మగ రెండింటికీ కొమ్ములుంటాయి. పోతు కొమ్ము మొదలు దగ్గర లావుగా ఉండి సమంగా వంగుతుందనీ, ఆడమేక కొమ్ము సన్నగా ఉండి చివర్లో వంపు తిరుగుతుందనీ చెబుతారు గానీ, దూరంలో ఉన్న కొండచరియ మీద ఆ తేడాను పోల్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టమని నా అభిప్రాయం. అటువంటప్పుడు పోతులనుకొని వేటగాళ్లు పొరపాటున చంపే ఆడమేకలను ముందే అంచనా వేసి పర్మిట్లు తగ్గిస్తారా, లేక మరుసటి ఏడాది సరిచేస్తారా? విమానం నుంచి లెక్కించేటప్పుడు చెట్ల చాటున కనిపించకుండా పోయినవాటిని ఎలా కలుపుతారు? వన్యప్రాణి శాఖల్లో పనిచేసినవారు, ఈ విషయం చదివినవారు దయచేసి తెలియజేయగలరు.