ఎం42 స్ట్రెచ్ చేస్తే మధ్యలో తెల్ల ముద్ద, చుట్టూ ధూళి మాత్రం రావట్లేదు

పొలంగట్టు_నైట్స్:
అన్నలందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర. అమావాస్య రోజుల్లో డిండి వైపు పొలంలో ట్రాకర్ (చుక్కలతో పాటు కెమెరాను తిప్పే మోటారు) పెట్టి ఎం42, అంటే ఓరియన్ నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) తీశాను, పాత డీఎస్ఎల్ఆర్, 200 ఎంఎం లెన్స్, ఒక్కో ఫ్రేమ్ 60 సెకన్లు. సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేశాక (ఫ్రేములన్నీ కలిపి ఒకటి చేశాక) స్క్రీన్ మీద మస్తుగా కనబడింది, జేపెగ్ సేవ్ చేస్తే అంతా నలుపే. స్లైడర్ లాగి స్ట్రెచ్ చేస్తే (మసక భాగాల వెలుగు పెంచితే) ట్రపీజియం, అంటే నడిమధ్య నాలుగు చుక్కల గుంపు ఉండే చోటు తెల్లగా అయిపోతోంది, చుట్టూ ధూళి రావట్లేదు, ఒక మూల ఎర్రటి మసక. అసలు డేటాలోనే లేదా, నాకే తీయరావట్లేదా?

పాలమూరు_చుక్కలు:
డేటాలో ఉంటుంది తమ్ముడూ. నువ్వు స్క్రీన్ మీద చూసింది ఆటోస్ట్రెచ్, అది చూపించడానికి మాత్రమే, ఫైల్‌లో అంకెలు మారవు. స్టాక్ అయిన ఫైల్ లీనియర్‌గా (కెమెరా మీద ఎంత వెలుగు పడితే అంత అంకె) ఉంటుంది, మసక వెలుగంతా హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయిల గ్రాఫ్) ఎడమ అంచున సన్నటి గీతలా ఇరుక్కుని ఉంటుంది. స్ట్రెచ్ కంటే ముందే, లీనియర్‌గా ఉన్నప్పుడే, అంచులు క్రాప్ చేసి బ్యాక్‌గ్రౌండ్ (ఆకాశపు మసక వెలుగు) తీసెయ్, ఆ తర్వాత కలర్ క్యాలిబ్రేషన్. ఆ ఎర్రటి మసకను అలాగే ఉంచి స్ట్రెచ్ చేస్తే ముందు అదే ఉబ్బుతుంది. కానీ ఎం42 చుట్టూ ధూళి చాలా దూరం పరుచుకుని ఉంటుంది, నెబ్యులా మీద శాంపిల్ పాయింట్లు (బ్యాక్‌గ్రౌండ్ వెలుగును కొలిచే గుర్తులు) పడితే సాఫ్ట్‌వేర్ ధూళినే లైట్ పొల్యూషన్ అనుకుని తీసేస్తుంది. అందుకే ఇక్కడ నేనైతే పాలినోమియల్ డిగ్రీ 1 (వంపులు లేకుండా ఒకే వాలుగా ఉండే బ్యాక్‌గ్రౌండ్ అంచనా) దాటను.

ఆ తర్వాత సిరిల్‌లోనే జనరలైజ్డ్ హైపర్‌బాలిక్ స్ట్రెచ్ (జీహెచ్‌ఎస్) తీసుకో. సిమెట్రీ పాయింట్‌ను (స్ట్రెచ్ అన్నిటికంటే ఎక్కువగా పనిచేసే చోటు) హిస్టోగ్రామ్ గుట్టకు కొంచెం ఎడమ పక్కన పెట్టి కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో లాగు. ఒకేసారి లాగితే చుక్కలు ఉబ్బి రంగు పోతుంది. బ్లాక్ పాయింట్ (దానికంటే తక్కువ వెలుగంతా పూర్తి నలుపయ్యే చోటు) గుట్ట పాదం దగ్గరే ఆగాలి, లోపలికి జరిగితే నువ్వు వెతికే ధూళే ముందు పోతుంది. ఆకాశం నల్లగా కాకుండా ముదురు బూడిద రంగులో ఉండనీ.

నల్లమల_ఆకాశం:
పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్, కానీ మధ్య భాగం సంగతి వేరు. స్టాక్ కాకుండా ఒక్క రా ఫ్రేమ్ తెరిచి ట్రపీజియం మీద మౌస్ పెట్టి విలువ చూడు. 14 బిట్ కెమెరాకు గరిష్ఠం 16383, విలువ దాని దగ్గరే ఆగిపోయి ఉంటే సెన్సర్ నిండిపోయినట్టే, ఇక ఏ స్ట్రెచ్‌తోనూ ఆ వివరం రాదు. మళ్లీ వెళ్లినప్పుడు 2 సెకన్లవి, 10 సెకన్లవి కొన్ని తీసి విడిగా స్టాక్ చేసి, పొడుగు ఎక్స్‌పోజర్ స్టాక్‌తో అలైన్ చేసి మధ్య భాగం వరకు కలుపు. నిండకపోతే మాత్రం జీహెచ్‌ఎస్‌లో హైలైట్ ప్రొటెక్షన్ స్లైడర్ విలువను 1 నుంచి కిందికి తగ్గిస్తే చాలు (విలువ తగ్గితే కాపుదల పెరుగుతుంది), రెక్కల ఆకారం నిలబడుతుంది.

పొలంగట్టు_నైట్స్:
చూశాను అన్నా, నడిమధ్య కొంచెం భాగమే నిండింది, రెక్కలు బాగానే ఉన్నాయి. డిగ్రీ 1తో బ్యాక్‌గ్రౌండ్ తీస్తే పక్కన ధూళి లేతగా వస్తోంది! ఎర్రటి మసక చాలావరకు పోయింది, ఆ మూల మాత్రం ఇంకా కొంచెం ఉంది.

పాలమూరు_చుక్కలు:
అన్ని ఫ్రేముల్లో అదే మూల ఉంటే ముందు ఫ్లాట్స్ (లెన్స్ అంచుల చీకటిని, దుమ్ము మచ్చలను సరిదిద్దడానికి సమానమైన వెలుగులో తీసే ఫ్రేములు) చూసుకో. అది కాకపోతే పక్క చేన్లో బోరు మోటారు దగ్గర బల్బు వెలుగుతుందేమో అడుగు, యాసంగిలో రాత్రంతా వేసే ఉంచుతారు. లెన్స్‌కు హుడ్ పెట్టు, చిన్న ఎక్స్‌పోజర్లు తీశాక ఫైల్ ఇక్కడే పెట్టు, కలిపి చూద్దాం.