సిగ్‌హప్ పంపాక కాన్ఫిగ్ ఒక క్లయింట్ ఆలస్యంగా మారుతోంది

ప్రశ్న:
లినక్స్‌లో, సీ భాషలో రాసిన చిన్న డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్). సిగ్‌హప్ (కాన్ఫిగ్ మళ్లీ చదవమని చెప్పడానికి వాడే సిగ్నల్) వస్తే, దాన్ని అందుకునే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, ఒక ఫ్లాగ్‌ని 1 చేస్తుంది, అంతే. మెయిన్ లూప్ ఫ్లాగ్ చూసి, అవసరమైతే కాన్ఫిగ్ ఫైల్ మళ్లీ చదివి, కొత్త క్లయింట్ కోసం యాక్సెప్ట్ కాల్ దగ్గర కూర్చుంటుంది. ఫైల్ మార్చి కిల్ మైనస్ హప్ (సిగ్‌హప్ పంపే కమాండ్) కొడితే ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన క్లయింట్‌కీ పాత సెట్టింగే, ఆ వెనక వచ్చినవాడికి మాత్రం కొత్తది! హ్యాండ్లర్‌ని సిగ్నల్ ఫంక్షన్‌తోనే పెట్టాను. రీస్టార్ట్ చేస్తే కనెక్షన్లు తెగుతాయి, అది వద్దు.

జవాబు 1:
హ్యాండ్లర్ నడుస్తూనే ఉందండీ, యాక్సెప్టే బయటికి రావట్లేదు. గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీలో సిగ్నల్ ఫంక్షన్ మామూలుగా ఎస్‌ఏ_రీస్టార్ట్ అనే ఆప్షన్ పెట్టేస్తుంది. అంటే, హ్యాండ్లర్ అవగానే కెర్నల్ యాక్సెప్ట్‌ని తిరిగి మొదలెడుతుంది, మీ ఫ్లాగ్‌ని చూసే దిక్కుండదు. సిగ్నల్ బదులు సిగ్‌యాక్షన్ ఫంక్షన్ వాడి, ఎస్‌ఏ_ఫ్లాగ్స్ 0 చేయండి. అప్పుడు యాక్సెప్ట్ మైనస్ 1 ఇస్తుంది, ఎర్ర్‌నోలో ఈఐఎన్‌టీఆర్ (సిగ్నల్ వల్ల కాల్ మధ్యలో ఆగిందనే కోడ్) ఉంటుంది. దాన్ని తప్పుగా లెక్కేసి ఎగ్జిట్ అవకండి, కంటిన్యూ చేయండి. హ్యాండ్లర్‌లోంచి మార్చినా తేడా రాకుండా ఫ్లాగ్ టైప్ వోలటైల్ సిగ్_అటామిక్_టి అయ్యుండాలి.

జవాబు 2:
అయినా ఒక సందు మిగులుతుంది. ఫ్లాగ్ చూశాక, యాక్సెప్ట్‌లోకి దిగేలోపు సిగ్నల్ వస్తే మళ్లీ అదే కథ. సిగ్‌హప్‌ని మామూలుగా బ్లాక్ చేసి ఉంచి, యాక్సెప్ట్‌కి ముందు పీపోల్ (క్లయింట్ కోసమో సిగ్నల్ కోసమో ఎదురుచూసే కాల్)లో వేచి ఉండి, దానికిచ్చే సిగ్నల్ మాస్క్‌లో మాత్రం వదలండి. యాక్సెప్ట్ ఎక్కడా ఆగిపోకుండా లిజనింగ్ సాకెట్‌ని నాన్‌బ్లాకింగ్ చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
సిగ్‌యాక్షన్‌తో వెంటనే కదిలింది, థాంక్స్. కానీ ఇప్పుడు ఫైల్ లేదంటోంది. స్టార్టప్‌లో చదివింది అదే ఫైల్ కదా?

జవాబు 2:
పాత్ రిలేటివ్‌గా (అప్పుడున్న డైరెక్టరీని బట్టి) ఇచ్చి ఉంటారు. ప్రోగ్రామ్‌ని వెనక్కి పంపే డీమన్ ఫంక్షన్ మామూలుగా డైరెక్టరీని స్లాష్‌కి మార్చేస్తుంది. అంతకుముందే రియల్‌పాత్ ఫంక్షన్‌తో పూర్తి పాత్ దాచుకోండి. రేపు పర్మిషన్ లేదని వస్తే, డీమన్ రూట్ హక్కులు వదిలేసి మారిన యూజర్‌కి ఫైల్ చదివే హక్కు లేదన్నమాట.

జవాబు 3:
చదివేటప్పుడు నడుస్తున్న స్ట్రక్ట్ మీదే రాయకండి. కొత్తదాంట్లోకి పార్స్ చేసి, అంతా సరిపోతేనే పాయింటర్ మార్చండి. లేకపోతే లాగ్‌లో రాసి పాతదే ఉంచండి. ఎన్జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ చేసేది అదే.

సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) కింద నడిపితే, రీలోడ్ కమాండ్‌తో సిగ్‌హప్ పంపడానికి యూనిట్ ఫైల్ (సర్వీస్ వివరాల ఫైల్)లో ఎగ్జెక్‌రీలోడ్ లైన్ ఉండాలి. సిస్టమ్‌డి డీమన్-రీలోడ్ కమాండ్‌తో మీ కాన్ఫిగ్ మారదు, అది యూనిట్ ఫైళ్లనే మళ్లీ చదువుతుంది (ఆ పేరు పెట్టినవాళ్లకో దండం). హ్యాండ్లర్‌ని మెయిన్‌లో అన్నిటికంటే ముందు పెట్టండి. హ్యాండ్లర్ పెట్టకముందే సిగ్‌హప్ వస్తే దాని డిఫాల్ట్ పని ప్రాసెస్‌ని చంపడమే.